మగ్గుపై సిక్కు యోధుడు: చిత్రం, శీర్షిక, స్థానికచరిత్ర

వ్యాససంగ్రహం

చారిత్రకచిత్రాలను కానుకవస్తువులపై ముద్రించి అమ్మడం నేడు సర్వసాధారణమైంది. పందొమ్మిదో శతాబ్దపు సిక్కు సైనికుల చిత్రాలు ముద్రించిన మగ్గులు వీటిలో ఒక ప్రత్యేకమైన కోవ. చిత్రం కాగితం నుంచి మగ్గు మీదికి చేరే క్రమంలో ఏమి కోల్పోతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. హైదరాబాదు రాజ్యంలో భాగమైన నాందేడుకు చెందిన నిహంగుల చిత్రాన్ని ప్రధాన ఉదాహరణగా స్వీకరించి, దానిని రేగొండ ప్రాంతపు శిలాచిత్రాలతోను, చేర్యాల నకాషీ పటాలతోను పోల్చి చూస్తున్నాను. మగ్గు చేసే అసలు నష్టం చిత్రాన్ని చౌక చేయడం కాదని, దాని పేరును, ఊరును, కథను తొలగించడమని, ఆ తొలగింపు వల్ల తెలంగాణ పాఠకుడు తన చరిత్రలోని ఒక పాత్రను పరాయివాడిగా చూడవలసి వస్తున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సిక్కు సైనికుడు, నిహంగులు, హైదరాబాదు రాజ్యం, తిలంగా, పటంకథ, చేర్యాల, పాండవుల గుట్టలు, పునర్ముద్రణ.

1. ఉపోద్ఘాతం

సాహిత్యవిమర్శ గ్రంథానికే పరిమితం కానవసరం లేదు. అర్థాన్ని మోసే ప్రతి వస్తువూ పాఠమే. గోడపత్రిక, క్యాలెండరు బొమ్మ, లారీ వెనుక రాత మొదలైనవి ఇప్పటికే సంస్కృతి అధ్యయనాలలో చోటు సంపాదించుకున్నాయి. ఫొటో మగ్గు ఆ వరుసలో చేరవలసిన వస్తువు. పుట్టినరోజు, పెళ్లిరోజు, ఉద్యోగ విరమణ వంటి సందర్భాలలో ఇచ్చిపుచ్చుకొనే కానుకగా అది నగరాలు దాటి మండల కేంద్రాలకు చేరింది. రేగొండ వంటి చోట కూడా ఫొటో స్టూడియోకు వెళ్లి ఫోనులోని బొమ్మ చూపిస్తే, ఆ బొమ్మతో మగ్గు చేతికి వస్తుంది. ఎవరి బొమ్మ అని అడిగే అవసరం యంత్రానికి లేదు. ఆ ప్రశ్న వేయవలసినది విమర్శకుడే.

ఇటువంటి మగ్గులపై కనిపించే చారిత్రకచిత్రాలలో సిక్కు సైనికుడిది స్థిరమైన స్థానం. ఎత్తైన తలపాగా, దాని చుట్టూ ఉక్కు చక్రాలు, చేతిలో ఖడ్గం, వీపున డాలు అతని గుర్తులు. చిత్రం కింద ఏదైనా మాట ఉంటే అది ‘సిక్కు యోధుడు’ అన్నంత వరకే ఉంటుంది. ఏ సైన్యం, ఏ ఊరు, ఏ ఏడు, ఏ చిత్రకారుడు అన్న వివరాలు ఉండవు. వీరత్వం ఒక్కటే మిగులుతుంది. ఈ వ్యాసం ఆ మిగలడాన్ని, దాని వెనుక పోయినదాన్ని కలిపి చదవడానికి చేసే ప్రయత్నం.

2. మగ్గు తయారీ: చిత్రానికి జరిగే మార్పులు

వస్తువును విమర్శించే ముందు దాని తయారీని తెలుసుకోవడం అవసరం. తెల్లని పింగాణీ మగ్గుకు ముందుగానే పాలిమర్ పూత ఉంటుంది. బొమ్మను కుడి ఎడమలు తారుమారు చేసి, ప్రత్యేకమైన సిరాతో కాగితంపై ముద్రిస్తారు. ఆ కాగితాన్ని మగ్గు చుట్టూ బిగించి, వేడి యంత్రంలో సుమారు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని నిమిషాలు ఉంచుతారు. సిరా ఆవిరై పూతలోకి ఇంకుతుంది. రంగు పూత మీద కాక పూతలో నిలుస్తుంది కనుక కడిగినా సులభంగా పోదు.

ఈ క్రమంలో చిత్రానికి మూడు మార్పులు జరుగుతాయి. మొదటిది కోత. మామూలు మగ్గుపై ముద్రణకు దొరికే స్థలం అడ్డంగా సుమారు ఇరవై సెంటీమీటర్లు, నిలువుగా సుమారు తొమ్మిది సెంటీమీటర్లు. నిలువుగా గీసిన సైనికుడి చిత్రం ఆ అడ్డపట్టీలో పూర్తిగా ఇమడదు. పాదాల కిందనున్న నేల, చుట్టూ ఉన్న అంచు, అంచులో ఉన్న రాత కత్తిరింపుకు గురవుతాయి. పాత చిత్రాలలో వ్యక్తి పేరు, ఊరు రాసేది సాధారణంగా ఆ అంచులోనే. కాబట్టి మొదట పోయేది బొమ్మలోని అందం కాదు, దాని ఆచూకీ. రెండవది వంపు. గుండ్రని తలంపై అడ్డపట్టీని ఒక్క చూపులో చూడలేము. చేతిలో తిప్పుకొంటూ ముక్కలుగా చూస్తాము. మూడవది పునరావృతి. ఒకే బొమ్మ వంద మగ్గులపై అచ్చుగుద్దినట్లు వస్తుంది. ఏ మగ్గుకూ ప్రత్యేకమైన చరిత్ర ఉండదు.

వాల్టర్ బెన్యామిన్ 1936లో ప్రచురించిన ప్రసిద్ధవ్యాసంలో, యాంత్రిక పునరుత్పత్తి వల్ల కళాకృతి తన స్థలకాలాలతో ఉన్న సంబంధాన్ని కోల్పోతుందని వాదించాడు. రోలాఁ బార్త్ 1964లో రాసిన వ్యాసంలో, బొమ్మ పక్కనున్న మాట ఆ బొమ్మకు లంగరు వంటిదని, అనేక అర్థాలలో ఒకదాన్ని అది నిలబెడుతుందని వివరించాడు. మగ్గు విషయంలో ఈ రెండు సూత్రాలు కలిసి పనిచేస్తాయి. స్థలం పోయిన తరువాత లంగరు కూడా తెగితే, బొమ్మ ఎవరి అవసరానికి తగినట్లు వారికి అర్థమవుతుంది. సిక్కు యోధుడి బొమ్మ ఒకరికి మతాభిమానం, ఒకరికి దేశభక్తి, మరొకరికి సినిమా జ్ఞాపకం అవుతుంది. 1897లో జరిగిన సారాగఢీ పోరాటం ఆధారంగా 2019లో వచ్చిన ‘కేసరి’ చలనచిత్రం ఈ మూడింటినీ ఒకచోట చేర్చిందనవచ్చు. ఈ అర్థాలేవీ తప్పు కావు. అయితే ఇవన్నీ బొమ్మకు బయటి నుంచి వచ్చినవి.

3. నాందేడు నిహంగులు: చిత్రం వెనుక హైదరాబాదు రాజ్యం

సిక్కు సైనికుల చిత్రాలలో ‘నిహంగ్ అబ్చల్‌నగర్’ అన్న పేరుతో, 1844 నాటిదిగా ప్రచారంలో ఉన్న చిత్రం ఒకటి ఉంది. తలపాగాల చుట్టూ ఉక్కు చక్రాలు ధరించిన సిక్కు సైనికులు అందులో కనిపిస్తారు. చక్రం అంటే బయటి అంచు పదునుగా ఉండే ఉక్కు వలయం. దానిని విసిరి శత్రువును గాయపరచేవారు. తలపాగాపై వాటిని ఒకదానిపై ఒకటి ధరించడం నిహంగుల సంప్రదాయం. ఇటువంటి చిత్రాన్ని మగ్గుపై చూసిన తెలుగు పాఠకుడు సహజంగానే పంజాబును ఊహిస్తాడు. కాని చిత్రం పేరులో ఉన్న ఊరు పంజాబులో లేదు.

అబ్చల్‌నగర్ అన్నది నాందేడుకు సిక్కులు గౌరవంగా పెట్టుకున్న పేరు. పదవ గురువు గురు గోవింద్‌సింగ్ 1708లో అక్కడే పరమపదించాడు. అక్కడి గురుద్వారా నిర్మాణం మహారాజా రంజిత్‌సింగ్ చొరవతో 1830ల్లో జరిగింది. అప్పటికి నాందేడు నిజాం ఏలుబడిలోని ఊరు. 1956 నవంబరు 1న జరిగిన రాష్ట్రాల పునర్విభజన వరకు అది హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంది. నాందేడును తాకి ప్రవహించే గోదావరే దిగువన కాళేశ్వరం వద్ద నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాను తాకుతుంది. 1844లో నాందేడు నిహంగులూ, రేగొండ పరిసరాల రైతులూ ఒకే రాజ్యపు ప్రజలు. చిత్రం పేరులోని ఒక్క పదం ఈ సంబంధాన్ని పట్టి ఉంచింది. మగ్గు మీదికి వచ్చేసరికి ఆ పదమే రాలిపోయింది.

సిక్కు సైనికులకు హైదరాబాదు రాజ్యంతో ఉన్న అనుబంధం నాందేడుతో ముగియలేదు. నాల్గవ నిజాం నాసిరుద్దౌలా 1829 నుంచి 1857 వరకు పాలించాడు. ఆయన కాలంలో రాజ్య వ్యవహారాలు నడిపిన మహారాజా చందూలాల్ పంజాబీ ఖత్రీ కుటుంబానికి చెందినవాడు, గురునానక్‌పై భక్తి గలవాడు. ఆయన ద్వారా రంజిత్‌సింగ్ పంపిన సిక్కు సైనికులు 1832లో హైదరాబాదు చేరారని డక్కనీ సిక్కుల చరిత్రకథనం చెబుతుంది. పద్నాలుగు రిసాలాలుగా వచ్చిన ఆ బలగానికి లాహోరీ ఫౌజు అని, తరువాత జమియతే సిఖాన్ అని పేర్లు వచ్చాయి. అత్తాపూర్ సమీపంలోని బరంబాల వద్ద వారికి విడిది ఏర్పడింది. సిఖ్ ఛావనీ అన్న స్థలనామం నేటికీ దానికి సాక్ష్యంగా నిలిచి ఉంది. వారి వంశీకులు హైదరాబాదులోనే కాక వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ వంటి పట్టణాలలోనూ స్థిరపడి డక్కనీ సిక్కులుగా గుర్తింపు పొందారు. ఇంట్లో పంజాబీ, బజారులో దక్కనీ ఉర్దూ, చుట్టుపక్కల తెలుగు వినిపించే జీవితం వారిది. మగ్గుపై ఉన్న యోధుడి వారసులు తెలుగు పాఠకుడికి పొరుగువారే అయినా, వారికీ బొమ్మకూ ఉన్న సంబంధం ఆ పాఠకుడికి తట్టదు.

4. వీరుడూ పహరాదారూ: చిత్రం చూపని భాగం

చిత్రానికి ఊరు చేర్చినంత మాత్రాన విమర్శ పూర్తి కాదు. ఆ ఊరిలో ఆ సైనికుడు ఏమి చేశాడన్నదీ అడగాలి. మగ్గుపై అతడు నిత్యం యుద్ధానికి సిద్ధంగా కనిపిస్తాడు. హైదరాబాదు రాజ్యంలో అతని నిత్యకృత్యం మాత్రం యుద్ధం కాదు. ఖజానాకు కాపలా, సొమ్ము తరలింపుకు రక్షణ, శిస్తు వసూళ్లకు తోడు వెళ్లడం వంటివి అతని పనులు. చందూలాల్ కాలంలో శిస్తు వసూలును ఇజారాకు ఇచ్చే పద్ధతి విస్తరించింది. రాజ్యం సాహుకార్ల అప్పుల్లో కూరుకుపోయింది. ఇజారాదారు రాజ్యానికి ముందుగా సొమ్ము చెల్లించి, దానిని రైతు నుంచి లాభంతో రాబట్టుకొనేవాడు. ఆ రాబట్టుకోవడానికి సాయుధ బలం అవసరమైంది. అరబ్బులు, రోహిల్లాలు, సిక్కులు వంటి దళాలు ఆ వ్యవస్థలో కొలువు చేశాయి. 1853లో దివానైన మొదటి సాలార్‌జంగ్ ఇజారా పద్ధతిని క్రమంగా తొలగించి, 1865లో జిలాబందీ ద్వారా జిల్లాల పాలనను వ్యవస్థీకరించిన తరువాత ఈ దళాల పాత్ర మారింది.

ఈ చరిత్రను చెప్పడం ఏ సమాజాన్నీ తక్కువ చేయడం కాదు. కొలువుకు వచ్చిన సైనికుడు తన ఏలికల విధానాన్ని నిర్ణయించలేదు. పంజాబు నుంచి వందల మైళ్లు నడిచి వచ్చి, భాష తెలియని నేలపై బతికిన మనిషి అతడు. అయితే పందొమ్మిదో శతాబ్దపు తెలంగాణ రైతుకు ఆయుధం ధరించిన పరదేశి సైనికుడు ఎదురైనప్పుడు కలిగిన భావమూ, ఈనాడు మగ్గు చూసిన మనకు కలిగే భావమూ ఒకటి కావు. అతని చేతిలోని ఖడ్గం ఒకరికి ధర్మరక్షణ, మరొకరికి శిస్తు గడువు. ఒకే బొమ్మలో ఈ రెండు చూపులకూ చోటు ఉండాలి. మగ్గు మొదటి చూపుకు మాత్రమే చోటిస్తుంది. కానుకవస్తువు స్వభావమే అంత. ఇచ్చేవాడూ పుచ్చుకొనేవాడూ సంతోషించాలి కనుక, ఇబ్బంది పెట్టే అర్థాలు అందులో నిలవవు. విమర్శకు కానుక ధర్మం లేదు కాబట్టి ఆ రెండవ చూపును గుర్తుచేయడం దాని బాధ్యత అవుతుంది.

5. తిలంగా ఎందుకు కనిపించడు?

మగ్గుల బజారులో సిక్కు సైనికుడు విరివిగా దొరుకుతాడు. తెలుగు సిపాయి దాదాపు కనిపించడు. దీనికి కారణం తెలుగువారికి సైనికచరిత్ర లేకపోవడం కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ మద్రాసు వైపు నుంచి తీసుకువెళ్లిన సిపాయిలలో తెలుగు ప్రాంతంవారు ఎందరో ఉన్నారు. 1756లో క్లైవుతో బెంగాలుకు వెళ్లిన సైన్యంలో మద్రాసు సిపాయిలు ఉన్నారు. వారి మూలంగా ఉత్తరాదిలో కంపెనీ సిపాయికి ‘తిలంగా’ అన్న పేరే స్థిరపడింది. తరువాత అవధ్, బీహార్ ప్రాంతాలవారు సిపాయిలుగా చేరినా పేరు మారలేదు. 1857 నాటి ఢిల్లీలో తిరుగుబాటు సిపాయిలను కూడా స్థానికులు తిలంగాలనే పిలిచారు. ఒక జాతి పేరు ఒక వృత్తికి పేరుగా మారిన ఈ ఉదంతం తెలుగు భాషాచరిత్రకారులకు ఆసక్తి కలిగించవలసినది.

తిలంగాలకు చిత్రాలూ లేకపోలేదు. కంపెనీ కాలంలో తంజావూరు చిత్రకారులు గీసిన చిత్రాలలో మద్రాసు సిపాయిలు తమ భార్యలతో కలిసి నిలిచిన దృశ్యాలు ఉన్నాయి. మరి ఇవి మగ్గుల మీదికి ఎందుకు రాలేదు? దీనికి సమాధానం కళలో కంటే సైనికవిధానంలో దొరుకుతుంది. 1857 తరువాత ఆంగ్ల ప్రభుత్వం భారతీయులను యుద్ధజాతులు, యుద్ధేతర జాతులు అని విభజించే సిద్ధాంతాన్ని పెంచి పోషించింది. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి, ఆ తరువాత 1893 వరకు భారత సైన్యానికి సేనాధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్ ఈ సిద్ధాంతానికి ప్రధాన సమర్థకుడు. ఆ కాలంలో మద్రాసు దళాలలో కొన్నింటిని తగ్గించారు, కొన్నింటిని పంజాబీలతో నింపారు. తెలుగువారి నియామకాలు బాగా పడిపోయాయి. సిక్కులు యుద్ధజాతిగా ప్రశంసలు అందుకొన్నారు.

యుద్ధజాతి సిద్ధాంతం కాగితంపై మాత్రమే నిలవలేదు. అది చిత్రాల ఎంపికను కూడా ప్రభావితం చేసింది. దానికి పూర్వమే, గవర్నర్ జనరల్ ఆక్లండు సోదరి ఎమిలీ ఈడెన్ 1838లో లాహోరు దర్బారును చూసి గీసిన బొమ్మలు 1844లో లండనులో శిలాముద్రణ సంపుటంగా వెలువడ్డాయి. అందులో అకాలీ యోధుల చిత్రమూ ఉంది. నాందేడు నిహంగుల చిత్రానికి చెబుతున్న ఏడూ అదే కావడం గమనించదగినది. ఆంగ్లో సిక్కు యుద్ధాలు 1845లో మొదలై, 1849లో పంజాబు కంపెనీ వశమైన తరువాత అటువంటి చిత్రాలకు గిరాకీ పెరిగింది. ఓడించినవాడు ఓడినవాడి శౌర్యాన్ని కీర్తిస్తే తన గెలుపు విలువ పెరుగుతుంది. తరువాత అదే శౌర్యాన్ని తన సైన్యంలో కొలువుకు పెట్టుకోవచ్చు. ఈ రెండు ప్రయోజనాల కోసం పోగైన చిత్రాల నిధి నుంచే నేటి మగ్గుల తయారీదారు బొమ్మ ఎంచుకొంటున్నాడు. అతనికి ఆ సిద్ధాంతం పేరు తెలియనవసరం లేదు. గూటిలో దొరికే బొమ్మలే ఆ సిద్ధాంతం మిగిల్చినవి.

కాబట్టి మగ్గుపై సిక్కు సైనికుడు కనిపించడమూ, తిలంగా కనిపించకపోవడమూ రెండు వేర్వేరు విషయాలు కావు. ఒకే ఎంపికకు అవి రెండు ముఖాలు. ఆ ఎంపిక సిక్కు సైనికుడికి మేలు చేసిందని కూడా అనలేము. అది అతనిని నిరంతర యోధుడిగా మాత్రమే నిలిపింది. రైతుగా, వడ్రంగిగా, కవిగా, డక్కనులో ఇల్లు కట్టుకొన్న వలసదారుగా అతనికి ఉన్న రూపాలను మరుగుపరచింది.

6. తెలుగు నేలపై చిత్రానికీ కథకూ ఉన్న బంధం

చిత్రాన్ని కథ నుంచి విడదీయడం అన్ని కాలాలలో, అన్ని చోట్లా జరిగే పని కాదు. దానికి మనకు దగ్గరలోనే రెండు ఉదాహరణలు ఉన్నాయి.

రేగొండ మండలంలోని పాండవుల గుట్టలలో చరిత్రపూర్వయుగపు శిలాచిత్రాలు 1990లో వెలుగులోకి వచ్చాయి. అడవిదున్న, జింక, పులి, చిరుత వంటి జంతువులు, స్వస్తికం, వలయాలు, చతురస్రాలు వంటి గుర్తులతో పాటు విల్లు, బాణాలు, కత్తులు, బల్లెం పట్టిన మనిషి రూపాలు వాటిలో ఉన్నాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు రంగులు వాడారు. చారిత్రకయుగంలో అదే గుట్టలపై పాండవుల కథకు చెందిన చిత్రాలు వెలిశాయి. ఆయుధం పట్టిన ఆ ఆదిమ రూపానికి పేరు లేదు. గీసినవారి భాష మనకు అందలేదు. అయినా ఊరివారు ఆ చిత్రాలను అనాథలుగా వదలలేదు. ఎదురు పాండవులు, గొంతెమ్మ గుహ, పంచపాండవుల గుహ అని ఆ బండలకు, గుహలకు పేర్లు పెట్టుకొన్నారు. గొంతెమ్మ అంటే జనవ్యవహారంలో కుంతీదేవి. ఈ పేర్లు పురావస్తుశాస్త్ర దృష్టితో సరికాకపోవచ్చు. అయితే పేరు తెలియని చిత్రానికి తన కథలో చోటిచ్చి కాపాడుకొన్న సమాజం అక్కడ కనిపిస్తుంది. పైగా ఆ చిత్రం కదలదు. చూడదలచినవాడే గుట్ట ఎక్కాలి.

రెండవ ఉదాహరణ చేర్యాల నకాషీ పటం. జనగామకు చేరువలోని చేర్యాలలో ఈ కళ నేటికీ సజీవంగా ఉంది. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పలుమార్లు పూత పూసి, ఆరిన తరువాత ఎర్రని నేపథ్యంపై గడులు గడులుగా బొమ్మలు గీస్తారు. మూడడుగుల వెడల్పుతో, నలభై అడుగులకు పైగా పొడవుతో పటాలు ఉండేవి. పటాన్ని గోడకు తగిలించి చూడడానికి గీయలేదు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, డక్కలివారు మాదిగలకు జాంబపురాణం, కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ పటం చూపుతూ గానం చేసేవారు. కథకుడు కర్రతో గడిని చూపుతాడు, పాట ఆ గడిని విప్పుతుంది. ప్రేక్షకుడు బొమ్మను ఒంటరిగా చూడడం ఉండదు. ఎవరి కథ, ఎవరికి, ఎవరు చెప్పాలన్న నియమం కూడా ఉంటుంది. పాతబడిన పటాన్ని చెత్తలో వేయరు. మనిషికి అంత్యక్రియలు చేసినట్లు దానిని నదిలో నిమజ్జనం చేసే ఆచారం ఉండేది.

శిలాచిత్రం స్థలంతో ముడిపడింది. పటం గానంతో ముడిపడింది. మగ్గు దేనితోనూ ముడిపడలేదు. ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. పటం కూడా పునరావృతమయ్యే వస్తువే. పాత పటాన్ని చూసి కొత్త పటం గీయడం నకాషీల వృత్తిధర్మం. పటం కూడా ఊరూరా తిరిగే వస్తువే. కాబట్టి నకలు తీయడం, ఊరు దాటడం అన్నవి వాటంతట అవే దోషాలు కావు. పటం ఎన్ని ఊళ్లు తిరిగినా కథకుడు దానితో పాటు తిరిగాడు. మగ్గుతో పాటు ఎవరూ రారు. ఈ భేదాన్ని గుర్తించకపోతే యంత్రముద్రణపై కోపం మాత్రమే మిగులుతుంది, విమర్శ మిగలదు.

నేడు చేర్యాల పటమే ఈ మార్పుకు లోనవుతున్నది. కథ చెప్పించుకొనే కులాలు తగ్గి, పటం కట్టేవారు కరువైన తరువాత నకాషీ కుటుంబాలు ముఖాకృతులు, తాళపుచెవుల గొలుసులు, గోడబొమ్మలు చేసి జీవిస్తున్నాయి. భౌగోళిక సూచిక గుర్తింపు కళకు రక్షణ కల్పించింది. అయితే ఆ గుర్తింపు గీసే పద్ధతిని కాపాడుతుందే కాని పాడే గొంతును కాపాడలేదు. తాటిచెట్టు ఎక్కే గౌడు బొమ్మను కొన్నవాడికి గౌడజెట్టివారు పాడే కథ అందదు. సిక్కు యోధుడి బొమ్మకు జరిగినదే, మరికొంత నెమ్మదిగా, మన పటానికీ జరుగుతున్నది. ఈ వ్యాసంలో పొరుగు సమాజపు చిత్రాన్ని ముందుగా తీసుకోవడానికి ఇదొక కారణం.

7. ప్రతివాదాల పరిశీలన

పై వాదానికి కొన్ని అభ్యంతరాలు రావచ్చు. మొదటిది, మ్యూజియాలలోనూ సంపన్నుల సేకరణలలోనూ బందీగా ఉన్న చిత్రాన్ని సామాన్యుడి చేతికి అందించింది మగ్గే కదా అన్నది. ఈ వాదంలో సత్యముంది. వలసకాలపు చిత్రాలు అనేకం నేడు విదేశీ సంస్థలలో ఉన్నాయి. వాటిని చూడడానికి వరంగల్ విద్యార్థికి గాని, నాందేడు సిక్కు యువకుడికి గాని అవకాశం తక్కువ. తన పూర్వీకుల రూపాన్ని రోజూ ఉదయం చూసుకొనే ఆనందాన్ని తీసివేయాలని ఎవరూ కోరరు. కాని అందుబాటుకు ఆచూకీ అడ్డు కాదు. మగ్గు అడుగుభాగంలో పేరు, ఊరు, ఏడు తెలిపే రెండు పంక్తులు ముద్రించడానికి స్థలం ఉంది. ఆ పని జరగకపోవడానికి సాంకేతిక కారణం లేదు. అడిగేవారు లేకపోవడమే కారణం.

రెండవది, కానుకవస్తువు నుంచి చరిత్రపాఠం ఆశించడం అత్యాశ అన్నది. మగ్గు పాఠ్యపుస్తకం కాదన్న మాట నిజమే. అయితే చరిత్రను పాఠ్యపుస్తకాల నుంచి నేర్చుకొనేవారి కంటే బొమ్మల నుంచి నేర్చుకొనేవారే ఎక్కువ. శివాజీ, ఝాన్సీ లక్ష్మీబాయి వంటి వ్యక్తుల రూపాలు మన మనస్సులలో క్యాలెండర్ల ద్వారానే స్థిరపడ్డాయి. చిన్న వస్తువు అన్న కారణంతో విమర్శ దానిని వదిలివేస్తే, పెద్ద అర్థాలు నిర్ణయమయ్యే చోటును వదిలివేసినట్లే.

మూడవది పవిత్రతకు సంబంధించినది. గురువుల చిత్రాలను వాడుకవస్తువులపై ముద్రించడం పట్ల సిక్కులలో అభ్యంతరాలు ఉన్నాయి. సైనికుడి చిత్రానికి అంతటి నిషేధం కనిపించదు. గురువు పూజ్యుడు, సైనికుడు ప్రదర్శనీయుడు అన్న విభజన ఇందులో ఉంది. నిహంగు విషయంలో ఈ విభజన అంత సులభంగా నిలవదు. అతని తలపాగా, చక్రం, నీలివస్త్రం యుద్ధసామగ్రి మాత్రమే కాక దీక్షాచిహ్నాలు కూడా. మగ్గుపై అవి వేషభూషలుగా కుదించుకుపోతాయి. ఈ అంశంపై ఆ సమాజపు పండితుల అభిప్రాయమే ప్రమాణం. బయటి విమర్శకుడు సమస్యను గుర్తించి అక్కడ ఆగడం ఉచితం.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల కొన్ని విషయాలు స్పష్టమవుతున్నాయి. సిక్కు యోధుడి చిత్రం మగ్గు మీదికి చేరినప్పుడు మొదట తెగేది దాని పేరు, ఊరు. నాందేడు నిహంగుల చిత్రం విషయంలో ఆ ఊరు తెలంగాణతో ఒకే రాజ్యంలో ఉన్న ఊరు కావడం వల్ల, ఆ తెగింపు మన చరిత్రలోనూ ఒక ఖాళీని మిగిల్చింది. ఏ సైనికుడి బొమ్మ బజారులో దొరుకుతుందో, ఏ సైనికుడిది దొరకదో నిర్ణయించడంలో యుద్ధజాతి సిద్ధాంతానికి పాత్ర ఉంది. అందువల్ల సిక్కు యోధుడి బొమ్మనూ, తిలంగా కనిపించకపోవడాన్నీ కలిపి చదవాలి. నకలు తీయడం కాక, కథకుడు లేకుండా నకలు తీయడమే ఇక్కడి సమస్య అని చేర్యాల పటం మనకు చెబుతుంది.

తెలుగుశాఖలు ఈ దిశలో చేయగల పని ఉంది. డక్కనీ సిక్కు కుటుంబాలలోని మౌఖికకథనాలను వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాలలో సేకరించవచ్చు. శిస్తు వసూళ్లకు వచ్చిన సాయుధ దళాలను గురించి గ్రామాలలో మిగిలిన సామెతలు, పాటలు, స్థలనామాలు నమోదు చేయవచ్చు. సిపాయి, జమాదారు, పహరా, ఠాణా, ఛావనీ వంటి సైనికపదాలు తెలంగాణ వ్యవహారంలో ఏ అర్థఛాయలు సంతరించుకొన్నాయో పరిశీలించవచ్చు. ఉత్తరాది భాషలలో ‘తిలంగా’ పదం నడిచిన తీరుపై సమగ్ర అధ్యయనం జరగవచ్చు. వీటిలో ప్రతి ఒక్కటీ ఒక పరిశోధనవ్యాసానికి తగిన విషయమే. రెండు తరాలు గడిస్తే మౌఖికకథనాలు దొరకడం కష్టమవుతుంది కనుక, సేకరణ పని ముందుగా చేపట్టవలసి ఉంది.